తండా దాకా వచ్చిన నీళ్ళు

పెద్దమ్మ పోయిందని మొన్న మిర్యాలగూడ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. పొద్దున టీ తాగి మంచం మీద ఒరిగిందట, మళ్ళీ లేవలేదట. మీకెవరికీ ఆమె తెలిసి ఉండదు. త్రిపురారం పక్కనున్న మా ఊరికి తొంభైల్లో ఒక్కసారి సర్పంచిగా చేసింది.

ఆ పదవి ఆడవాళ్ళకు రిజర్వయిందని పెద్దనాయనే ఆమెను నిలబెట్టాడు. గెలిచాక మండల మీటింగుకు తానే బయలుదేరాడు. పెద్దమ్మ వెంటపోయి బస్సెక్కి కూర్చుంది. "గెల్సింది నేనాయె. నువ్వు బర్లను సూస్కో," అన్నదట. ఆ మాట చెప్పి పెద్దనాయనే నవ్వేవాడు.

"సర్కారు మంచిగనే చెప్తది బిడ్డా. ఆ మాట ఊర్లకొచ్చేసరికి కుంటుకుంట వస్తది. మనమే ఎదురువోయి పట్టుకరావాలె," అనేది నాతో.

ఒక ఎండాకాలం ఊళ్ళో మంచినీళ్ళ ట్యాంకు పూర్తయింది. ఊరి అవతలి లంబాడీ తండాకూ పైపు మంజూరైంది కానీ, కాంట్రాక్టరు ఊరి చివరింటి దగ్గరే ఆపేశాడు. ప్రారంభం రోజు షామియానా వేశారు, దండలు తెచ్చారు. పెద్దమ్మ మాత్రం రాలేదు. తండాలో, నల్లా ఉండాల్సిన చోట, ఖాళీ బిందె ముందు పెట్టుకుని ఎండలో కూర్చుంది.

అధికారి అక్కడికే నడిచొచ్చాడు. "ముందు ఊళ్ళో నీళ్ళు వదలండమ్మా. తండా సంగతి తర్వాత చూద్దాం."

"తర్వాత అంటే మీరుండరు, నేనుండ సార్. ఈడ నీళ్ళొచ్చిననాడే ఆడ గూడ ఇడుద్దాం."

నీళ్ళు వదలకుండానే అధికారి జీపు వెనక్కి పోయింది. ఊరు భగ్గుమంది. మా అమ్మే వెళ్ళి నిలదీసింది. "మన గొంతులెండుతుంటె నీకు తండా ఎక్కువైందా అక్కా?"

"నీకిప్పుడు ఎరుకైంది చెల్లె. వాళ్ళకు ఏండ్లసంది ఎండుతున్నయి."

అమ్మ చాలా రోజులు ఆమెతో మాట్లాడలేదు. పెద్దనాయన కూడా. పెద్దమ్మ తండా ఆడవాళ్ళను వెంటబెట్టుకుని మిర్యాలగూడ ఆఫీసు చుట్టూ తిరిగింది. వానలకు ముందే పైపు పడింది. రెండుచోట్లా ఒకే పొద్దున నీళ్ళు వదిలారు. తండాలో ఒక ముసలమ్మ నల్లా కింద అరచేయి పెట్టి, తాగడం మరిచి అలాగే నిలబడిపోయింది.

తర్వాతి ఎన్నికల్లో పెద్దమ్మ ఓడిపోయింది. తండా ఓట్లు పడ్డాయి, మా ఊరివి పడలేదు. బాధ కాలేదా అని అడిగాను.

"ఎందుకు గాదు? అయితది. గని ఓట్లు సూసుకుంట నీళ్ళిడుస్తరా ఎవరన్న?"

గెలిచిన అమ్మాయికి పాతికేళ్ళు కూడా ఉండవు. పంచాయతీ ఆఫీసు గడప బయట బెరుకుగా నిలబడింది. పెద్దమ్మ కుర్చీని కొంగుతో తుడిచి, చేయిపట్టి తీసుకొచ్చి కూర్చోబెట్టింది. తర్వాత చెప్పులు చేతబట్టుకుని, చీర ఎగదోపి, ఎదురుగా నాట్లు వేస్తున్న ఆడవాళ్ళ వరసలోకి దిగిపోయింది.