గోడ మీది పెళ్లికొడుకు

మా అమ్మ ఇల్లు ఏడాదిపాటు ఒక పెళ్లికొడుకు పేరు మీద ఉంది. అతను మా ముందు గదుల్లో కిరాయికున్నవాళ్ల కొడుకు. మా వైపు పెళ్లంటే ఇంటి గోడకు సున్నం వేసి, పెళ్లికొడుకు, పెళ్లికూతురి పేర్లు ఎర్ర రంగుతో పెద్దపెద్దగా రాయిస్తారు. పెళ్లయ్యాక వాళ్లు ఉప్పునుంతలకు మారిపోయారు. పేర్లు మాత్రం గోడ మీదే ఉండిపోయాయి. మేము పాన్‌గల్‌లో చుట్టాలింటికి వెళ్లిన రోజున మున్సిపాలిటీ సర్వే మనిషి వచ్చాడు. తలుపుకు తాళం. గోడ చూసి, పెళ్లికొడుకునే యజమానిగా రాసుకుని పోయాడు. పెళ్లికూతురిని ఎందుకు వదిలేశాడో నన్నడగొద్దు.

ఆ సంగతి ఇంటిపన్ను నోటీసు చేతికొచ్చాక గానీ తెలియలేదు. ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగాను.

"ఆ పిలగాని దగ్గర కొన్నట్టు పేరు మార్పుకు అర్జీ పెట్టుకోండ్రి సార్, అయిపోతది," అన్నాడు గుమస్తా, పెద్ద సాయం చేస్తున్నట్టు.

పెళ్లికొడుకు పాపం సిగ్గుపడి, ఏ కాగితం మీదైనా సంతకం పెడతానన్నాడు. అమ్మ ససేమిరా అంది.

"నేను కట్టుకున్న ఇల్లు నేనే కొనుక్కున్ననని ఏలిముద్ర ఎయ్యాల్నా? ఎయ్య."

నాకూ ఒళ్లు మండింది. అధికారుల తప్పుల మీద విచారణ చేసే లోకాయుక్తకు ఫిర్యాదు రాశాను. ఆదివారమంతా కూర్చుని రాసి అమ్మకు చదివి వినిపిస్తుంటే, 'నా ఇల్లు' అన్న దగ్గరే ఆపింది.

"నీ ఇల్లేంది? నాది గద."

"ఒకటే గదనే అమ్మా."

"ఒకటే అయితే నా పేరే రాయి."

విసుక్కుంటూనే మళ్లీ రాశాను. నోటరీ ముందు తనే వేలిముద్ర వేసింది.

లోకాయుక్త నుంచి నోటీసు వెళ్లాక ఆఫీసులో అందరికీ కాళ్లొచ్చాయి. ఆ గుమస్తానే సరిచేసిన కాగితం ఇంటికి తెచ్చిచ్చాడు. యజమాని దగ్గర అమ్మ పేరు. పైకి చదివి, నా బీరువాలో పెట్టబోయాను. అమ్మ చెయ్యి చాపింది.

"ఇటు తే. నా పెట్టెల పెట్టుకుంట."

"నా మీద నమ్మకం లేదా?" అన్నాను నవ్వుతూ.

"ఉన్నది. మీ నాయిన మీద గూడ ఉండె. ఆయన పోయినంక మీ పెదనాయిన ఇంట్లకెళ్లి బయటికి పొమ్మన్ననాడు, నా చేతుల ఒక్క కాగితం లేకుండె."

ఆ ఇంటి నుంచి మేమే ఇష్టపడి బయటికొచ్చామని ఇన్నేళ్లూ అనుకున్నాను. కాగితం ఆమెకిచ్చేశాను.