మెడలు వాల్చిన కోళ్లు

2006 తొలకరి రోజులు. ఏలూరు నుంచి కొల్లేరు వైపు వెళ్లే దారిలో ఒక ఊరి పశువైద్యశాలలో నేను లైవ్‌స్టాక్ అసిస్టెంటుని. అంటే సూదులు వేయడం, మందులివ్వడం, డాక్టరు గారు రాని రోజున డాక్టరు గారిలా కనిపించడం. ఊళ్లో అందరూ నన్నే డాక్టరు గారనేవారు. నేనూ కాదనలేదు.

ఒక సోమవారం పొద్దున సువార్తమ్మ గారు గోనెసంచిలో రెండు చచ్చిన కోళ్లను తెచ్చి బల్ల మీద పెట్టారు. ఆవిడ మిషన్ స్కూల్లో ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరైన టీచరు. ఆవిడ ముందు నాకు తెలియకుండానే చేతులు కట్టుకునేవాణ్ణి.

"విషం పెట్టారండీ. ఇంకెవరు, మా పక్కింటి వెంకటరత్నం గారే. విషమని కాగితం రాసివ్వండి, స్టేషన్‌కి వెళ్తాను" అన్నారు.

వెంకటరత్నం గారు వరి రైతు. నెమ్మదస్తుడు. అయితే ఈవిడ కోళ్లు ఆయన ఆకుమడిలో దిగి, మొలకెత్తిన విత్తనాలన్నీ కెలికేసినప్పుడు "ఈ కోళ్ల సంగతేదో తేలుస్తా" అని నలుగురి ముందు అన్నాడట. ఆ రెండిళ్ల మధ్య గోడ మీదుగా ఏళ్ల తరబడి కూర గిన్నెలు నడిచాయి. అంతకు ముందు ఆదివారం ఈవిడ వాళ్ల గిన్నెను ఖాళీగా తిప్పి పంపారు. మా వైపు కూర వచ్చిన గిన్నెను కనీసం రెండు కరివేపాకు రెబ్బలైనా వేయకుండా పంపరు. అది చూసి వీధి వీధంతా విషయం గ్రహించేసింది.

నాకు దిగులు పట్టుకుంది. నేను రెండు ముక్కలు రాసిస్తే ఆ పెద్దమనిషి పోలీసు స్టేషన్ మెట్లెక్కాలి. ఆ గోడ మీదుగా ఇక ఏ గిన్నే నడవదు. రాయనంటే, మరి ఎందుకు చచ్చాయో నేను చెప్పాలి.

ఆ గోనెసంచి పట్టుకుని ఆవిడతో ఇంటికి వెళ్లాను. ఇంకో మూడు కోళ్లు కాళ్లు చాపి, మెడ నేల మీద వాల్చి, వెనక బెంచీలో నిద్రపోయే పిల్లల్లా పడి ఉన్నాయి. కళ్లు మాత్రం చురుగ్గా ఉన్నాయి. నేను గంభీరంగా "కొక్కెర తెగులండీ" అన్నాను.

"దానికి వేసవిలో మీరే టీకా వేశారు. తేదీ చెప్పమంటారా?"

వద్దన్నాను. గోడవతల వెంకటరత్నం గారు కొబ్బరాకులు చీరుతున్నట్టు నటిస్తూ అన్నీ వింటున్నాడు.

చచ్చిన కోడిని కోసి చూశాను. పేగుల్లో తెగులు గుర్తులు లేవు. తర్వాత క్రాప్ కోశాను. క్రాప్ అంటే కోడి మెడ కింద ఉండే మేతసంచి. తిన్నది ముందు అక్కడికే చేరుతుంది. దాని నిండా తెల్లటి పురుగులు.

"ఇన్ని పురుగులు వీటికి ఎక్కడ దొరికాయండీ?"

ఆవిడ ముఖం వెలిగిపోయింది. "నేనే పెంచుతున్నానండీ" అని గూటి వెనక్కి తీసుకెళ్లారు. అక్కడ చూరుకి ఒక నూనె డబ్బా వేలాడుతోంది. అడుగున మేకుతో పొడిచిన చిల్లులు. లోపల చెరువు గట్టు మీద పారేసిన చచ్చిన చేపలు. ఈగలు లోపల గుడ్లు పెడుతున్నాయి, పురుగులు చిల్లుల్లోంచి రాలుతున్నాయి, బతికున్న కోళ్లు కింద బుద్ధిగా నిలబడి ఏరుకుంటున్నాయి.

ముక్కు మూసుకుని "ఇలా చేయమని ఎవరు చెప్పారండీ?" అన్నాను.

"మీరే."

నోటుబుక్కు తెచ్చి చూపించారు. ఎర్ర సిరాతో గుండ్రటి అక్షరాలు. 'పురుగులు కోడికి బలం. చేపల వ్యర్థాలూ పెట్టవచ్చు. డాక్టరు గారి సలహా.' రైతుల మీటింగులో టీ వచ్చేలోపు నేను విసిరిన రెండు మాటలవి. ఆవిడ ఆ రెంటినీ కలిపి ఒక డబ్బా చేశారు.

విషయం అర్థమైంది. దీన్ని బోట్యులిజం అంటారు. కుళ్లిన చేపలో ఒక సూక్ష్మజీవి విషం తయారుచేస్తుంది. పురుగుకి ఏమీ కాదు. దాన్ని తిన్న కోడికి మాత్రం కాళ్లు, రెక్కలు, ఆఖరికి మెడ పడిపోతాయి. ఆవిడకి అదే చెప్పాను.

"అంటే విషమేగా?"

"విషమేనండీ."

"మరి పెట్టిందెవరు?"

గోడవతల కొబ్బరాకుల చప్పుడు ఆగిపోయింది. తప్పించుకోవాలంటే కుళ్లిన చేప మీద నెట్టేయొచ్చు. కానీ అవతల ఆ మనిషి ఊపిరి బిగబట్టి ఉన్నాడు.

"నేనేనండీ" అన్నాను.

ఆవిడ ఎర్ర పెన్ను తీసి నా సలహా మీద పెద్ద ఇంటూ కొట్టారు. స్కూల్లో కూడా నాకు అంత సిగ్గేసిన గుర్తు లేదు.

డబ్బాను లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పాతిపెట్టాం. గొయ్యి తవ్వింది వెంకటరత్నం గారే. ఎవరూ పిలవలేదు, పార పట్టుకుని వచ్చేశాడు. పడిపోయిన కోళ్లకు విషం బయటికి పోయేలా భేది ఉప్పు నీళ్లు పట్టించాను. రెండు లేచాయి, ఒకటి పోయింది.

నెల తిరక్కుండానే ఆయన సైకిలు ఆసుపత్రి ముందు ఆగింది. హ్యాండిల్‌కి తగిలించిన సంచిలో గిన్నె, గిన్నెలో గుడ్లు.

"మేష్టరమ్మ గారు గోడ మీంచి ఇచ్చారండీ. తినొచ్చంటారా? ఇందులో మీ సలహా ఏమీ కలవలేదు కదా?"

"తినొచ్చండీ" అన్నాను. అంతటితో ఆగలేక, "ఎలా తింటారో ఒకసారి చెప్పండి" అన్నాను.

ఆయన నన్ను జాలిగా చూశాడు. "ఉడకబెట్టుకునండీ" అన్నాడు.

నవ్వుకుంటే నవ్వుకోనీ. ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా ఏ సలహా చెప్పినా, దాన్ని ఎలా చేస్తారో ఒకసారి వాళ్ల నోట చెప్పించుకోకుండా ఎవర్నీ ఇంటికి పంపలేదు.