పిన్ని రేకుల కుండ

మా పిన్ని ఆత్రేయపురంలో పూతరేకులు తీసి అమ్ముతుంది. ఇంటి లోను వాయిదాలు తప్పాయని ఆమధ్య బ్యాంకు వాళ్ళు గోడకి నోటీసు అంటించి వెళ్ళారు. ఉన్నదంతా పట్టుకుపోతారేమోనని భయపడి, పిన్ని సామానంతా ఆటోలో వేసి చుట్టాలిళ్ళలో దాచింది. ఆఖరికి రేకులు తీసే కుండ కూడా.

ఇవాళ పొద్దున్న బ్యాంకాయన వచ్చాడు. "మీరు తాకట్టు పెట్టింది ఇల్లండి, సామాను కాదు. మీరడిగిన గడువు కూడా ఇచ్చారు, ఈలోగా కట్టుకోండి" అన్నాడు. మళ్ళీ రేకులు మొదలెడితే ఇల్లు నిలబడుతుందని, పిన్ని నన్ను వెంటబెట్టుకుని వాళ్ళ ఆడపడుచు ఇంటికి పరిగెత్తింది.

"వదినా, నా కుండేదీ?"

"ఊరికే పడుందని మల్లె మొక్క పెట్టానమ్మా. నీళ్ళు నిలవకుండా అడుగున చిల్లు కూడా పెట్టించాను. చూడు, ఎలా చిగురేసిందో!"

ఆ కుండని బోర్లించి, లోపల మంట పెట్టి, ఆ అడుగు మీదే కదండీ రేకు తీసేది! ఏళ్ళ తరబడి నూనెగుడ్డతో తుడిచి తుడిచి నునుపు చేసుకున్న అడుగది. ఆత్రేయపురంలోనే పుట్టి పెరిగిన మనిషికి ఆ మాత్రం తెలీదా? నాకు ఒళ్ళు మండిపోయింది. పిన్ని మాత్రం "మొక్క బాగానే బతికింది వదినా" అనేసి బయటికొచ్చేసింది.

బ్యాంకు వాళ్ళు ఇంతవరకూ పిన్ని ఇంట్లో గరిటె కూడా ముట్టుకోలేదు.

మీ దగ్గర కూడా ఎవరైనా దాచమని ఇచ్చిన వస్తువులున్నాయా? వాటిలో ఏం పెంచుతున్నారో కాస్త చెప్పండి.