నల్ల పిడి ఎవరు లాగారు?

దేవుణ్ణి నమ్ముతాను గానీ, దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే లేచి పనిలో పడేదాన్ని. నేను బడికి పోలేదు. బాపు ఇంట్లోనే భక్తి పుస్తకాలు ముందేసి అక్షరాలు నేర్పాడు, భయం మాత్రం నేర్పలేదు. అందుకే జరిగినది జరిగినట్టే రాస్తున్నాను.

మా ఆయన నిజామాబాద్‌లో బోరు మోటార్లు బాగుచేస్తాడు. సామాను మోసేది ఒక పాత డీజిల్ వ్యాన్. దాని సెల్ఫ్ బలహీనం, ఆపితే మళ్ళీ నూకితేనే లేస్తుంది. చెరుకు తోటల్లో నూకే మనుషులు ఎక్కడ దొరుకుతారని, పని అయ్యేదాకా ఇంజిన్ నడుస్తూనే ఉంచేవాడు. తాళం తిప్పినా ఆగని బండి అది. స్టీరింగ్ కింద ఉన్న నల్ల పిడిని బయటికి లాగితేనే ఆగుతుంది. ఆ పిడి ఎంత బిగుసుకుపోయిందంటే ఆయనే గుడ్డ చుట్టి లాగాలి.

పోయిన వానాకాలం బోధన్ వైపు మా అవ్వగారింటికి బయలుదేరాం. దారిలో ఒక రైతు ఫోన్ చేస్తే, మధ్యాహ్నం ఆ రైతు తోట పక్కన బండి నిలిపి మా ఆయన మోటారు దగ్గరికి పోయాడు. వాన మొదలైంది. వెనక సీట్లో పాపను ఒళ్ళో వేసుకుని అద్దాలన్నీ మూసేశాను. ఇంజిన్ గుడగుడమంటూనే ఉంది. పాప నిద్రపోయింది. నాకు తలనొప్పి మొదలైంది. లేవాలనుకున్నాను, కాళ్ళు రాలేదు. మనసులో స్వామిని తలచుకున్నంతవరకే గుర్తుంది.

తర్వాత నాకు తెలిసింది వాన చప్పుడు. ఇంజిన్ ఆగిపోయింది. వెనక తలుపు తెరుచుకుంది.

"ఎందుకు ఆపినవే? ఇగ దీన్ని మీ అవ్వగారొచ్చి నూకుతరా?" అంటూ తడుస్తూ వచ్చిన మా ఆయన, మమ్మల్ని చూడగానే లోపలికి వంగాడు. మెడ వాల్చేసిన పాపను ఎత్తుకుని వానలోకి ఉరికాడు.

"బిడ్డా, కండ్లు తెరువు. బాపును సూడు."

చినుకులు ముఖాన పడ్డాక పాప దగ్గి, ఏడ్చింది. అంత తీయని ఏడుపు నేనెన్నడూ వినలేదు.

ఇంజిన్ చప్పుడు ఆగిందనే ఆయన పని వదిలి వచ్చాడు. చూస్తే నల్ల పిడి పూర్తిగా బయటికి లాగి ఉంది. ముందు తలుపులు రెండూ లోపలి నుంచి గడియ పడే ఉన్నాయి.

బండి చూసిన మెకానిక్ సైలెన్సర్ పైపుకు పడిన బొక్క చూపించాడు. "నిలబెట్టి గంటలు గంటలు నడిపితే మసి పేరుకుంటది అక్కా, బ్యాటరీ గూడ నిండది. పొగంత లోపలికే వచ్చింది."

మసి పట్టి ఇంజిన్ దానంతట అదే ఆగిందేమో అన్నాను.

"ఆగొచ్చు. మరి పిడి ఎట్ల బయటికొచ్చె?"

మత్తులో నేనే లాగానని మా ఆయన అంటాడు. తర్వాత రెండు చేతులతో లాగి చూశాను. కదల్లేదు.

పైపు మార్పించాం. ఇప్పుడు ఎక్కడ నిలిపినా ఆయన ఇంజిన్ ఆపేస్తాడు. సెల్ఫ్ మొరాయించిన రోజు నూకేది నేనే. బండికి చేతులు ఆనించే ముందు ఒకసారి జోడిస్తాను.

"దండాలు తర్వాత, ముందు నూకవే" అంటాడు మా ఆయన. ముందు సీట్లోంచి పాప నవ్వుతుంది.

ఆ దండం ఎవరికి చేరుతుందో నాకు నేటికీ తెలియదు.