మూసేసిన మడవ

మా అమ్మాయికి ఆటిజం. తన వస్తువు ఎవరైనా ముట్టుకుంటే ఇల్లు పీకి పందిరేస్తుంది. అలాంటి పిల్లని సిరవార ఊరి బడిలో టీచరమ్మ ఇంకో పిల్లతో కలిపి ఒకే ట్యాబ్ ముందు కూర్చోబెడతానంటే, "మీకేమన్నా పిచ్చా అండీ?" అనేశాను. ఇద్దరూ కలిసి బడికి ఆటస్థలం గీయాలట. ఒకరు గీసింది ఇంకొకరు అడక్కుండా చెరపకూడదట.

మా పిల్ల ఉయ్యాల గీసింది. దాని చుట్టూ వరిమడికి వేసినట్టు గట్టు వేసేసింది. రెండో పిల్ల రాయచూరు వాళ్ళమ్మాయి, గడుగ్గాయి. తన జారుడుబల్లని గట్టు బయటే గీసుకుని, వారాల తరబడి ఓపిగ్గా కూర్చుంది. ఒకరోజు మా పిల్ల, నీళ్ళకి మడవ తీసినట్టు, గట్టు మధ్యలో కాస్త చెరిపి దారి వదిలింది. ఆ పిల్ల గబుక్కున జారుడుబల్లని లోపలికి లాగేసింది. మా పిల్ల అరవలేదు! పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒకరిని తన దగ్గరికి రానిచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

ఆ బొమ్మ చూడ్డానికి మా ఆయన పొలం నుంచి నేరుగా వచ్చాడు. మాది కాలువ చివరి పొలం. నీళ్ళందక ఆ రోజుల్లో ఆయన గట్ల మీదే కాపలా ఉంటున్నాడు. "ఓరి దేవుడా, గండి పడిందేంటమ్మా! నీళ్ళన్నీ పోవూ?" అని మురిపెంగా నవ్వుతూ, ఆ దారిని వేలితో పూడ్చేశాడు.

పిల్ల కెవ్వుమని అరిచి తన చెయ్యి తనే కొరుక్కుంది. టీచరమ్మ మీట నొక్కి దారి మళ్ళీ తెప్పించింది. "చూడు బిడ్డా, ఏం కాలే, మల్ల వచ్చింది" అంది. మా పిల్ల అటు తిరగనైనా లేదు.

ఇంటికెళ్ళే దారిలో, బస్టాండులో ఆయన్ని నలుగురిలో కడిగేశాను. "నాకేం తెలుసే? గట్టు తెగిందనుకున్నాను" అన్నాడు. ఆ మొహం చూశాక పిల్లని తీసుకుని బస్సెక్కేశాను. కోపం మాత్రం ఎటూ పోలేదు.

మరుసటి వారం మా పిల్ల కొత్తగా ఉయ్యాల గీసి, చుట్టూ గట్టు వేసింది. ఎక్కడా సందు లేదు. రాయచూరు పిల్ల బయట వేలు ఆనించి, "నేనెటు నుంచి రావాలె? జర తొవ్వ ఇయ్యి" అంది.

మా పిల్ల ఆ వేలి వైపు చాలాసేపు చూసింది. తర్వాత అక్కడే, ఆ వేలికి ఎదురుగా, ఇంకో వరస గట్టు వేసింది.