ఆమె ముడి, నా కత్తెర

మైపాడు సముద్రం మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. అబద్ధమైతే ఈ జన్మలో నాకు చేపల పులుసు దక్కకూడదు.

విడవలూరు పక్కన సర్కారు ఆస్పత్రిలో జుట్టు నెరిసేదాకా పనిచేసి, అప్పుడు పోయి కాన్పుల పీజీలో చేరినాను. నాతోపాటు చేరిన పిల్ల కోట మండలం వైపు రొయ్యల రైతు కూతురు. నా మేనకోడలి వయసు. నన్ను "అన్నా" అనేది. ఆ పిలుపుకే నాకు ఒళ్లు మండేది.

మా మేడం ఒకటే మాట చెప్పింది. "ముడి జారనివాళ్లకే మొదటి సిజేరియన్ ఇస్తా." మొదటి కోత నుంచి చివరి కుట్టు దాకా సొంతంగా చేసే ఆపరేషన్ అంటే పీజీకి పెళ్లికన్నా పెద్దది.

ఆ పిల్ల కబుర్లు చెబుతూనే, చూడకుండా, కుర్చీ చేతికి దారం ముడులు వేసేది. క్యాంటీన్ కుర్చీలన్నిటికీ జడలే. నేనేం తక్కువా? ఇంటికి వంజరం చేప తెచ్చి, పొట్ట కోసి, మళ్లీ కుట్టేవాణ్ని. ఒకసారి ఎంత నున్నగా కుట్టానంటే, మా ఆవిడ అది కొయ్యని చేప అనుకుని అట్లాగే కూరకు తరిగింది. పులుసులో దారం నమిలిన మా మామ, "ఏంది అల్లుడా, చేపకు కాన్పు చేసినావా?" అన్నాడు.

అయినా మేడం సిజేరియన్ ఆమెకే ఇచ్చింది. నా చేతికి కత్తెర ఇచ్చింది.

తెలియనివాళ్లకు చెప్తా. ముడి వేసేది ఒకరు, దారం కోసేది ఇంకొకరు. మరీ కురచగా కోస్తే ఎంత గట్టి ముడైనా ఊడొచ్చు. బిడ్డ కేర్‌మంది. ఆమె గర్భసంచి కుట్టి, ముడి వేసి, దారం ఎత్తిపట్టి, "కట్ చెయ్యన్నా" అంది. నా వైపు చూడను కూడా లేదు, అంత నమ్మకం. నా కత్తెర ముడి దగ్గర దాకా పోయి ఆగింది. నాలో ఎంత కుళ్లుందో అప్పుడు నాకే తెలిసింది. కానీ ఆ ముడి ఉండబోయేది ఒక తల్లి కడుపులో. కాస్త దారం వదిలే కోసినాను. "బాగుంది" అంది మేడం, ఆమెను చూసి.

బయటికొస్తే ఆ తల్లి అత్త మలై కాజాల డబ్బాతో నిలబడుంది. నా నెరిసిన జుట్టు చూసి నాకే దణ్ణం పెట్టింది. "పెద్ద డాక్టరయ్యా, నీ చెయ్యి చల్లన." నేను, "నాకెందుకమ్మా, కోసింది, కుట్టింది ఈ డాక్టరమ్మే" అని డబ్బా ఆ పిల్ల చేతిలో పెట్టినాను.

సరే, పులుసు మీద ఆశతో ఒప్పుకుంటున్నా. చేప కథ అబద్ధమని మీరు అనుకుంటుంటారు. చేప నిజం. కత్తెరా నిజమే. ఈ చివరి మాట ఒక్కటే కల్పించినా. ఆ రోజు "అంతా దేవుడి దయమ్మా" అని డబ్బా చంకలో పెట్టుకున్నాను. పక్కనే ఉన్న ఆ పిల్ల నవ్వి, "నాకొక్కటన్నా పెట్టన్నా" అంది.

పెట్టినా. చిన్నది చూసి.