అక్క పేరు మీద తగ్గింపు

నవ్వదలుచుకున్నవాళ్ళు ముందే సర్దుకుని కూర్చోండి. పన్ను మిగుల్చుకోబోయి రిజిస్ట్రారు ఆఫీసులో నా పరువు నేనే ఎట్లా తీసుకున్నానో చెప్తాను. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ రెండూ చేతకాక ఇల్లు కొని చూసినవాణ్ణి నేను.

అప్పటికి నేను హైటెక్ సిటీలో ఉద్యోగంలో చేరి పదేళ్ళు. మణికొండలో ఒంటిగదిలో కిరాయికి ఒక్కణ్ణే ఉండేవాణ్ణి. ఫోన్‌లో ఆరొందల నంబర్లున్నా, ఆదివారం మోగేది సరుకులు తెచ్చేవాళ్ళు గేటు దగ్గరికి వచ్చినప్పుడే. మా వీధిలోనే చిన్న ఫ్లాటు అమ్మకానికొస్తే, కొని కిరాయికిద్దామనుకున్నాను. పెట్టుబడి అని ఆఫీసులో అందరికీ చెప్పాను. మీ దగ్గర దాపరికమెందుకు, కిరాయికొచ్చినవాళ్ళు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తారని ఆశ. కుళాయి కారుతోందని తిట్టడానికైనా సరే.

తీరా స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు చూసేసరికి కొనడమే మానేద్దామనిపించింది. నా పక్క సీటులో ఉండే ఢిల్లీ ఆయన ఓదార్చాడు. "ఆడవాళ్ళ పేరు మీద కొను. మా దగ్గర వాళ్ళకు స్టాంపు డ్యూటీ తక్కువ." ఢిల్లీ లెక్క ఢిల్లీలోనే చెల్లుతుందని నాకు తట్టలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, నాకు ఎక్సెల్ షీటు వేస్తే పోయింది. అందులో 'ఆడమనిషి' అని ఒక గడి పెట్టి, ఎవరి పేరు రాయాలా అని వారం రోజులు దానివంకే చూశాను. పెళ్ళి కాలేదు. అమ్మ పోయి చాలా కాలమైంది. ప్రొద్దుటూరులో అక్క ఉంది. తనతో మాట్లాడి ఎనిమిది నెలలు. ఫోన్ చేశాను.

"అక్కా, ఇల్లు కొంటాండా. నీ పేరు ముందు, నా పేరు వెనక."

అటునుంచి టీవీ కట్టేసిన చప్పుడైంది.

"నా పేరు యాలరా?"

"నువ్వు కాక నాకెవరున్నారక్కా?"

ఆ మాట నిజమే. కానీ నేనన్నది తగ్గింపు కోసం.

రిజిస్ట్రేషన్ రోజు పొద్దున్నే అక్క బస్సు దిగింది. పట్టుచీర, చేతిలో ఓళిగల డబ్బా, అదే, బొబ్బట్లు.

"వీధి వీధంతా చెప్పొచ్చినా. మా తమ్ముడు నా పేరుతో ఇల్లు కొంటాండాడని! ఎదురింటామెకు కడుపుమంట. మూడు దినాలు నాతో మాట్లాడ్లా!"

రిజిస్ట్రారు ఆఫీసు బయట దస్తావేజులు రాసే యాదగిరి మా కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు. అక్కకు వినపడకుండా వంగి అడిగాను.

"ఆడవాళ్ళ పేరుంటే తగ్గింపు ఎంతొస్తుంది?"

నేను గొంతు తగ్గిస్తే ఆయన పెంచాడు.

"తగ్గింపా? ఏంది సార్, మన దగ్గర గట్లాంటిదేం లేదు! ఎవరు చెప్పిన్రు? గందుకేనా గీ అమ్మను గంత దూరం నుంచి పిలిపించిన్రు?"

అక్కడున్న జనమంతా నావైపు తిరిగారు. యాదగిరికి ఓళిగ ఇవ్వబోతున్న అక్క చెయ్యి ఆగిపోయింది.

"తగ్గింపు కోసరం పిలిచినావారా?"

పదేళ్ళు ఒక్కణ్ణే ఉన్నాను గానీ, సొంత అక్క పక్కన నిలబడి ఉండగా అనిపించినంత ఒంటరితనం ఎన్నడూ ఎరగను.

"తగ్గింపు లేకపోయినా నీ పేరు ఉండనీ అక్కా."

"వద్దులే." అక్క ఓళిగ యాదగిరి చేతిలో పెట్టింది. "ఎదురింటామెకు మాత్రం ఈ సంగతి తెలీకూడదు. ఆమె మాట్లాడకపోతే నాకు సుఖంగా ఉంది." తరవాత కొంగుతో ముక్కు తుడుచుకుంది. "సాక్షి సంతకమన్నా పెట్టనీరా. నువ్వు ఇల్లు కొంటాంటే చూసినోళ్ళు మనవాళ్ళు ఒకరుండాల గదా."

పెట్టింది. ఇల్లు నా ఒక్కడి పేరు మీదే రాయించాను. రెండో సాక్షి యాదగిరి తెచ్చిన మనిషి. ఆయన పేరు కూడా నాకు తెలియదు.

ఫ్లాటులోకి ఒక జంట దిగింది. బంగారంలాంటి మనుషులు. కిరాయి ఒకటో తేదీన దానంతటదే ఖాతాలో పడుతుంది. కుళాయి కారదు. ఫోన్ రాదు.

అందుకని స్టాంపు పేపరు మీద రాసిచ్చినంత గట్టిగా ప్రమాణం చేశాను. ఏ ప్రభుత్వం ఎంత తగ్గింపు ఇచ్చినా, ఈ జన్మలో మా అక్కకు పని పెట్టుకుని ఫోన్ చెయ్యను. పని లేకుండానే చేస్తాను. ప్రతి ఆదివారం తప్పకుండా చేస్తున్నాను కూడా.

ఆమె మాత్రం ఫోనెత్తగానే అడుగుతుంది: "ఏంరా, ఈ వారం ఏ పన్నుకు తగ్గింపు?"